దాగుడుమూతలాడే విద్యుత్తు: పాత స్పోర్ట్స్ కారులో లోపాన్ని పట్టుకొనే విధం

యంత్రాలకు వచ్చే జబ్బులు రెండు రకాలు. ఒక రకం వచ్చి తిష్ఠ వేస్తుంది. బల్బు మాడిపోతే మాడిపోయినట్లే. విప్పి చూస్తే తంతువు తెగి కనిపిస్తుంది. కొత్తది బిగిస్తే పని తీరిపోతుంది. రెండవ రకం ఉండి ఉండి వస్తుంది. చలిజ్వరం రోగికి ఆసుపత్రి గడప ఎక్కేసరికి ఒళ్ళు చల్లబడినట్లు, దారిలో నాలుగుసార్లు ఆగిన కారు మెకానిక్కు ఎదుట మొదటి తిప్పుకే స్టార్టు అవుతుంది. ఎక్కడ చూసినా లోపం కనిపించదు. మరునాడు మళ్ళీ నడిరోడ్డు మీద, వెనుక లారీలు వస్తుండగా, ఆగిపోతుంది.

ఈ రెండవ రకపు లోపాలకు పుట్టినిళ్ళుగా పేరుపడ్డవి ఇంగ్లండులో తయారైన ఆనాటి చిన్న స్పోర్ట్స్ కార్లు. వాటిలో ఎం.జి.బి. అనేది బాగా ప్రసిద్ధి పొందింది. ఆక్స్‌ఫర్డు నగరానికి దక్షిణంగా ఉన్న ఆబింగ్డన్ పట్టణంలో 1962 నుంచి 1980 వరకు దీనిని తయారుచేశారు. అన్ని రూపాలూ కలిపి లెక్కిస్తే ఐదు లక్షలకు పైగా కార్లు వెలువడినవి. నేటికీ వాటిని ముచ్చటగా కాపాడుకొంటూ నడిపేవారు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ చాలామంది ఉన్నారు. మన దేశానికి ఈ కారుతో ఒక చుట్టరికం ఉన్నది. ఎం.జి.బి.లోని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను, అంబాసిడర్ కారుకు 1959లో అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను ఒకే కుటుంబానికి చెందినవి. అందుచేత ఇక్కడ వచ్చే పాయింట్లు, కండెన్సరు, డైనమో, కాయిలు అనే మాటలు మన ఊళ్ళలోని పాత మెకానిక్కులకు కొత్తవి కావు.

ఈ కార్లకు విద్యుత్పరికరాలను సమకూర్చినది బర్మింగ్‌హాములోని లూకాస్ సంస్థ. దారిలో దీపాలు ఆరిపోయి విసిగిన డ్రైవర్లు ఆ సంస్థ స్థాపకుడైన జోసెఫ్ లూకాసుకు 'చీకటి రాజు' అని పరిహాసంగా బిరుదు ఇచ్చారు. ఈ నిందలో కొంత అన్యాయం లేకపోలేదు. యాభై అరవై ఏళ్ళు వానకు తడిసి, ఎండకు ఎండి, ఇంజను అదురుకు అదిరిన తీగెల అతుకులు ఏ సంస్థ చేసినవైనా అంతకంటె మెరుగుగా ఉండవు.

ఒక ఉదాహరణ తీసుకొంటే విషయం తేలికగా బోధపడుతుంది. 1966 నాటి ఎం.జి.బి. ఒకటి ఉన్నదనుకొనండి. ఊరిలో బాగానే తిరుగుతుంది. బయటి రోడ్డు ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోయిన తరువాత, పది ప్రయాణాలలో ఒకసారి, ఎక్కిళ్ళు వచ్చినట్లు కుదిపి ఆగిపోతుంది. యజమాని పక్కకు తీసి, పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్లు స్టార్టు అవుతుంది. 'వేడెక్కితే ఆగుతున్నది, చల్లబడితే నడుస్తున్నది, కనుక కాయిలు పోయింది' అని తీర్మానించి అతడు కాయిలు మార్చాడు. రెండు వారాలు బాగా నడిచి మళ్ళీ ఆగింది. కండెన్సరు మార్చాడు. మళ్ళీ కొన్నాళ్ళు నడిచింది. వెనుక చక్రం దగ్గర ఉండే పెట్రోలు పంపు మార్చాడు. ఇంకొన్నాళ్ళు నడిచింది. ఒక్కొక్క మరమ్మతూ కొంతకాలం ఫలించినట్లు కనిపించడమే ఇక్కడి అసలు చిక్కు. ఏ మరమ్మతూ ఫలించకపోతే అతడు ఆలోచనలో పడేవాడు. కొద్దికొద్దిగా ఫలించడం వలన డబ్బు పోగొట్టుకొంటున్నాడు.

ఇట్లా ఎందుకు జరుగుతుందో తెలియవలెనంటే, రెండు లోహపు ముక్కలు ఒకదానినొకటి తాకినప్పుడు నిజంగా ఏమి జరుగుతున్నదో చూడవలె.

ఈ కారులో తీగెల చివరలకు తూటా ఆకారంలో చిన్న ఇత్తడి మొనలు ఉంటవి. వాటిని రబ్బరు తొడుగు గల లోహపు గొట్టంలోకి రెండు వైపుల నుంచి దోపుతారు. ఇటువంటి అతుకులు కారులో డజన్లకొద్దీ ఉంటవి. మొన, గొట్టం అంతటా కలిసి ఉన్నట్లే కంటికి తోస్తుంది. కాని ఎంత నునుపైన లోహమైనా సూక్ష్మంగా చూస్తే కొండలూ లోయలూ గల నేల వంటిది. రెండు కొండప్రదేశాలను ఒకదానిమీద ఒకటి బోర్లిస్తే కొన్ని శిఖరాలే తాకుతవి గదా! లోహాలూ అంతే. విద్యుత్ప్రవాహమంతా ఆ కొద్దిపాటి శిఖరాల గుండా ఇరుకుగా దూరి పోవలె. ఈ విషయాన్ని నిశితంగా పరిశోధించినవాడు బెర్లినులోని సీమెన్స్ సంస్థలో పనిచేసిన స్వీడిష్ శాస్త్రజ్ఞుడు రాగ్నార్ హోమ్. గుండ్రని స్పర్శబిందువు నిరోధం, లోహపు విశిష్ట నిరోధాన్ని ఆ బిందువు వ్యాసంతో భాగిస్తే వస్తుంది. రాగి విశిష్ట నిరోధం మీటరు కొలతలలో సుమారు 1.7 × 10⁻⁸ ఓమ్-మీటర్లు. స్పర్శబిందువు వ్యాసం మిల్లీమీటరులో 50వ వంతు అనుకొంటే నిరోధం 0.00085 ఓము వస్తుంది. పది ఆంపియర్లు పోయినా అక్కడ తగ్గే వోల్టేజి నూరవ వంతు వోల్టుకు కూడా చేరదు. అంటే శుభ్రమైన లోహమైతే అంత చిన్న చుక్క కూడా ఎంతో చక్కగా పనిచేస్తుంది.

చిక్కు శుభ్రత దగ్గరే వస్తుంది. తేమ తగిలి రాగి, ఇత్తడి చిలుము పడతవి. ఇంజను అదురుకు మొన గొట్టంలో మిల్లీమీటరులో వెయ్యవ వంతుల దూరం అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఆ కదలికకు లోహపు పొడి రాలి, గాలి తగిలి ఆక్సైడుగా మారి, శిఖరాల మధ్య ఇరుక్కొంటుంది. ఇప్పుడు ప్రవాహం ఏ బిందువు గుండా పోతున్నదో ఆ బిందువు కొద్దిగా జరిగినా నిరోధం వెయ్యవ వంతు ఓము నుంచి ఒక్కసారిగా ఓము దాకా, కొన్నిసార్లు వందల ఓములదాకా పోవచ్చు. వేడికి కూడా ఈ శక్తి ఉన్నది. పది మిల్లీమీటర్ల ఇత్తడి ముక్క 60 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో నూరవ వంతు పెరుగుతుంది. చూడబోతే స్వల్పం, కాని పైన చెప్పిన స్పర్శబిందువు వ్యాసంలో ఇది సగం. ఇరుకు సందులో ఇంత జరుగుబాటు చాలు, తాకేది తాకకపోవడానికి, తాకనిది తాకడానికి.

ఇంకొక వింత ఉన్నది. రాగి స్పర్శబిందువు రెండు వైపుల మధ్య సుమారు 0.43 వోల్టు తేడా ఏర్పడితే అక్కడి లోహం కరిగేటంత వేడెక్కుతుంది. కరిగిన రాగి సందును పూడ్చి చిన్న వంతెన కడుతుంది. నిరోధం తగ్గిపోతుంది. లోపం తనకు తానే నయమైపోతుంది! మళ్ళీ ఒక అదురుకు ఆ వంతెన తెగేదాకా అంతా సవ్యంగా నడుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మనిషి చెయ్యి. చిలుము పట్టిన మొనను ఊడబీకి మళ్ళీ దోపితే ఆ రాపిడికి ఆక్సైడు పొర గీసుకుపోయి కొత్త లోహం బయటపడుతుంది. కొన్ని వారాలో నెలలో ఆ అతుకు కొత్తదానివలె పనిచేస్తుంది. కాయిలు మార్చవలెనంటే దాని తీగెలు ఊడదీయక తప్పదు. కండెన్సరు మార్చవలెనంటే డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలి తీగెలను సర్దక తప్పదు. నయం చేసినది కొత్త సామాను కాకపోవచ్చు, దానిని బిగించేటప్పుడు అనుకోకుండా కదిలిన పక్కతీగె కావచ్చు. కాబట్టి ఉండి ఉండి వచ్చే లోపాన్ని వెదికేటప్పుడు మొదట పాటించవలసినది చేతులు కట్టుకోవడం. కొలవక ముందు దేనినీ ముట్టుకోకూడదు. ముట్టుకొంటే సాక్ష్యం చెరిగిపోతుంది.

సరే, ఏమి కొలవవలె? చాలామంది వెంటనే మల్టీమీటరును ఓములకు తిప్పి తీగె రెండు కొనలకూ ఆనిస్తారు. ఇది దాదాపు వృథాప్రయాస. హెడ్ లైట్ల తీగెలో ఒక అతుకు 0.2 ఓము నిరోధం తెచ్చుకొన్నదనుకొనండి. మీటరు తీగెలకే అంత నిరోధం ఉండవచ్చు. అందుచేత మీటరు 'బాగానే ఉన్నది' అని చెబుతుంది. కాని ఆ 0.2 ఓము చేసే పని చూడండి. 60 వాట్ల దీపాలు రెండు కలిస్తే 12 వోల్టుల దగ్గర వాటి ఉమ్మడి నిరోధం 1.2 ఓములు. అతుకుతో కలిపి 1.4 ఓములు. ప్రవాహం 10 నుంచి సుమారు 8.6 ఆంపియర్లకు తగ్గుతుంది. దీపాలకు చేరేది 10.3 వోల్టులు. తంతువు ఇచ్చే వెలుగు వోల్టేజి తగ్గిన దానికంటె చాలా వేగంగా తగ్గుతుంది కనుక, ఆ దీపాలు నూటికి అరవై పాళ్ళే వెలుగుతవి. మిగిలిన శక్తిలో సుమారు 15 వాట్లు ఆ చిన్న అతుకులోనే వేడిగా మారుతుంది. రేడియో మరమ్మతుకు వాడే చిన్న సోల్డరింగు ఐరను ఒకటి రబ్బరు తొడుగులో పెట్టి వదిలినట్లే! ఫ్యూజు దీనిని ఆపలేదు. ఫ్యూజు ప్రవాహం పెరిగితే తెగుతుంది. ఇక్కడ ప్రవాహం తగ్గింది. పైగా ఆనాటి ఎం.జి.బి.లో హెడ్ లైట్ల వలయానికి ఫ్యూజే లేదు. పాత కార్లు నిప్పంటుకోవడానికి కారణాలలో ఇది ఒకటి.

వోల్టుమీటరు కూడా అజాగ్రత్తగా వాడితే మోసపుచ్చుతుంది. బల్బు తీసివేసి దాని హోల్డరులో మీటరు పెడితే నిండుగా 12 వోల్టులు చూపుతుంది. దారిలో లక్ష ఓముల చిలుము ఉన్నా చూపుతుంది. ఎందుచేతనంటే నేటి డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. దానితో పోలిస్తే లక్ష ఓములు నూరవ వంతు మాత్రమే. ప్రవాహం లేనిచోట ఓము సూత్రం ప్రకారం వోల్టేజి తగ్గుదల కూడా లేదు. దీపం వెలుగుతూ ఉండగా, మోటారు తిరుగుతూ ఉండగా కొలిస్తేనే అతుకు తన స్వభావం బయటపెడుతుంది.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర స్మరించదగినది. జార్జి సైమన్ ఓమ్ తన సూత్రాన్ని కనుగొన్ననాటికి కొలోనులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన మొదట వాడిన వోల్టా ఘటాల విద్యుత్తు నిలకడగా ఉండక కొలతలు తారుమారయ్యేవి. పోగెండార్ఫ్ అనే శాస్త్రజ్ఞుని సలహాపై ఆయన ఘటాలను మాని, రాగి-బిస్మతు ఉష్ణయుగ్మం వాడిన తరువాతనే ఫలితాలు స్థిరపడినవి. 1827లో గ్రంథం వెలువడింది. మారుతూ ఉండే వలయాన్ని కొలవడమెంత కష్టమో ఆ సూత్రకర్తకే మొదట అనుభవమైంది.

సరియైన పద్ధతి ఇది: వలయం పనిచేస్తూ ఉండగా వోల్టుమీటరు రెండు కొనలనూ అనుమానం ఉన్న అతుకుకు అటూ ఇటూ ఆనించవలె. మంచి అతుకైతే వోల్టులో నూరవ వంతులు మాత్రమే కనిపిస్తవి. అర వోల్టో ఒక వోల్టో కనిపించిందంటే దొంగ అక్కడే ఉన్నాడు. సెల్ఫు మోటారు విషయంలో ఈ పరీక్ష మరీ పదునైనది. ఆ మోటారు 150 ఆంపియర్లు లాగుతుంటే నూరవ వంతు ఓము కూడా ఒకటిన్నర వోల్టు మింగేస్తుంది. ఆ నూరవ వంతు ఓమును ఏ మామూలు ఓమ్‌మీటరూ చూపలేదు. ఒకటిన్నర వోల్టును పాఠశాల ప్రయోగశాలలోని వోల్టుమీటరు కూడా చూపుతుంది.

కొలవడానికి ముందు ఎక్కడ కొలవాలో తెలియవలె. దానికి తీగెల రంగులే పటం. ఈ కార్లలో గోధుమరంగు తీగె బాటరీ నుంచి నేరుగా వస్తుంది. తాళపు స్విచ్చి దాటిన తరువాత అది తెలుపు. తెలుపు తీగె కాయిలుకు, పెట్రోలు పంపుకు పోతుంది. ఫ్యూజు దాటిన తరువాత తెలుపు ఆకుపచ్చగా మారుతుంది. మలుపు దీపాలు, బ్రేకు దీపం, వైపరు, పెట్రోలు మట్టం చూపే ముల్లు అన్నీ ఆకుపచ్చ మీద ఆధారపడినవి. ఊదారంగుకు ఫ్యూజు ఉన్నది గాని తాళంతో పని లేదు. హారను దాని మీదిది. నలుపు ఎర్తుకు పోయేది. ఈ పటం చెట్టు వంటిది. కొమ్మ ఎండితే ఆకులే పోతవి, మొదలు ఎండితే అన్నీ పోతవి. ఇంజనుతోపాటు పెట్రోలు ముల్లు, వైపరు కూడా చచ్చుబడితే లోపం తాళపు స్విచ్చి దగ్గరో దానికి ముందో ఉన్నట్లు. ఇంజను నడుస్తూ ఆకుపచ్చ బిడ్డలన్నీ కలిసి ఆగితే ఫ్యూజునో, దానిని పట్టి ఉంచే రెక్కలనో చూడవలె. ఒకే ఒక్కటి ఆగితే దాని సొంత తీగెనే చూడవలె. ఏవేవి కలిసి ఆగినవో, ఏవేవి ఆగలేదో ఆ క్షణంలో గమనించి చీటీ మీద రాసుకొన్న డ్రైవరు సగం మరమ్మతు చేసినట్లే.

ఫ్యూజు ప్రస్తావన వచ్చింది కనుక ఒక హెచ్చరిక. ఇంగ్లండులో ఆనాటి గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటే, అది తెగే ప్రవాహం అని అర్థం. అది నిరంతరం మోయగలది 17 ఆంపియర్లే. నేడు ఇతర దేశాల ఫ్యూజుల మీద నిరంతరం మోసే ప్రవాహాన్ని రాస్తారు. అంకె చూసి ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే ఫ్యూజు కంటె ముందు తీగె కాలుతుంది.

ఇప్పుడు ఆగిపోతున్న కారు దగ్గరకు తిరిగి వద్దాం. అది గ్యారేజిలో ఆగదు; రోడ్డు మీదనే ఆగుతుంది. కనుక కాపలా కూడా రోడ్డు మీదనే పెట్టవలె. రెండు చిన్న రెండు వాట్ల బల్బులు తీసుకొని, చిన్న ఫ్యూజులతో, ఒక దానిని కాయిలుకు వచ్చే తెలుపు తీగెకూ ఎర్తుకూ మధ్య, రెండవ దానిని పెట్రోలు పంపుకు చేరే తెలుపు తీగెకూ ఎర్తుకూ మధ్య కలిపి, బల్బులను డ్రైవరు ఎదుట పెట్టవలె. మూడవ కాపలాదారు కారులోనే ఉన్నాడు. 1964 చివర మార్పులు చేసిన నాటినుంచి ఈ కారులో ఇంజను భ్రమణాలు చూపే మీటరు, జ్వలన వలయంలోని ప్రవాహపు స్పందనలను లెక్కించి ముల్లు కదుపుతుంది. ఇంజను ఊపిరి ఆపిన క్షణంలో, గేరులో ఉన్న కారు ఇంకా ఇంజనును తిప్పుతూనే ఉండగా, ఆ ముల్లు మెల్లగా దిగితే జ్వలన వలయం బాగున్నది, పెట్రోలో మరొకటో అందడం లేదు. ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే స్పందనలు ఆగిపోయినవి. వలయం ఎక్కడో తెగింది.

ఏడవ ప్రయాణంలో కారు ఆగింది. రెండు బల్బులూ వెలుగుతూనే ఉన్నవి. ముల్లు మాత్రం సున్నాకు పడింది. ఈ మూడు సాక్ష్యాలు కలిపితే చాలా భాగం తేలిపోతుంది. బాటరీ నిర్దోషి, తాళపు స్విచ్చి నిర్దోషి, పంపుకు విద్యుత్తు అందుతూనే ఉన్నది. లోపం కాయిలులోనో, కాయిలుకు అవతల డిస్ట్రిబ్యూటరుకు పోయే చిన్న దారిలోనో ఉన్నది. కాయిలు ఇదివరకే మార్చారు. మిగిలినది జానెడు తీగె, పాయింట్లు, ఎర్తు.

ఇంజను ఆపి, పాయింట్లు మూసుకొని ఉండేటట్లు తిప్పి, తాళం వేసి, డిస్ట్రిబ్యూటరుకు తీగె చేరే మొనకూ ఎర్తుకూ మధ్య వోల్టుమీటరు పెట్టారు. సుమారు 4 ఆంపియర్లు పోతున్నది; మీటరులో వోల్టులో పదవ వంతు. దోషం లేదు. అప్పుడు వాక్యూం పైపును కార్బురేటరు దగ్గర ఊడదీసి దానికి రబ్బరు గొట్టం తగిలించి నోటితో పీల్చారు. మీటరు అంకె ఒక్కసారిగా 12కు ఎగిరింది. వదిలితే మళ్ళీ పదవ వంతు. పీలిస్తే 12.

దీని అర్థం ఏమిటి? డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు ఉన్న పళ్ళెం స్థిరమైనది కాదు. ఇంజను తేలికపాటి బరువుతో ఒకే వేగంగా నడిచేటప్పుడు కార్బురేటరు దగ్గర ఏర్పడే అల్పపీడనం ఆ పళ్ళేన్ని కొన్ని డిగ్రీలు తిప్పి జ్వలనాన్ని ముందుకు జరుపుతుంది. బయటి మొన నుంచి కదిలే పళ్ళెం మీదికి మెత్తని చిన్న తీగె ఒకటి పోతుంది. యాక్సిలరేటరు నొక్కినప్పుడల్లా, వదిలినప్పుడల్లా అది వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపలి పోగులన్నీ తెగినవి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. పళ్ళెం ఒక పక్క ఉంటే తెగిన పోగులు తాకుతవి, తిరిగితే విడిపోతవి. గ్యారేజిలో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పళ్ళేన్ని తిప్పే అల్పపీడనం అక్కడ లేదు, అందుచేత ఏ లోపమూ లేదు. బయటి రోడ్డు మీద అల్పపీడనం ఉన్నది, లోపమూ ఉన్నది. కారు కుదిపేసరికి డ్రైవరు కంగారుగా క్లచ్చి నొక్కడంతో ఇంజను పూర్తిగా ఆగిపోయేది. పళ్ళెం స్వస్థానానికి వచ్చేది. పోగులు మళ్ళీ తాకేవి. అతడు పది నిమిషాలు ఆగవలసిన అవసరమే లేదు. వెంటనే తాళం తిప్పి చూసి ఉంటే అప్పుడే స్టార్టయి ఉండేది, వేడి అనే అనుమానం మొదటి రోజే తొలగి ఉండేది.

అన్ని లోపాలూ ఇంత అందంగా దొరకవు. ఈ కారులోనే మరికొన్ని స్థలాలు ప్రసిద్ధమైనవి. సీట్ల వెనుక దాచిన రెండు 6 వోల్టుల బాటరీలు శ్రేణిలో ఉంటవి. వాటి నాలుగు మొనలలో ఏ ఒక్కటి వదులైనా కారు మొత్తం చీకటి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చున్నది కనుక దానికీ బాడీకీ మధ్య ఒక అల్లిక పట్టీ ఎర్తుగా ఉండవలె. అది తెగితే సెల్ఫు మోటారు ప్రవాహం తిరిగి పోవడానికి వేరే దారి లేక యాక్సిలరేటరు, చోకు కేబుళ్ళ గుండా పోతుంది. స్టార్టు చేసిన తరువాత చోకు కేబులు వేడిగా ఉంటే పట్టీని అనుమానించవలె. వెనుక దీపానికి ఎర్తు పోతే బ్రేకు నొక్కినప్పుడు మలుపు దీపం మసకగా వెలుగుతుంది. ప్రవాహం ఒక తంతువు దాటి, ఎర్తు దొరకక, రెండవ తంతువు గుండా శ్రేణిలో పోతున్నదన్నమాట. ఇది విద్యార్థులకు మంచి లెక్క అవుతుంది. ఇక్కడ ఇంకొకటి కూడా గమనించవలె. 1967 చివరిదాకా ఈ కార్లలో బాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. డిజిటల్ మీటరు నల్లతీగెను అలవాటు ప్రకారం బాడీకి ఆనిస్తే అన్ని అంకెలకూ ముందు ఋణచిహ్నం వస్తుంది. భయపడనక్కరలేదు. పంపు దగ్గర పరీక్షించేటప్పుడు మాత్రం భయం ఉండవలె: పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ పుట్టరాదు, తీగెలు విప్పే ముందు బాటరీ విడదీయవలె.

తీగె మార్చిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. లోపం పోయిందని ఎట్లా తెలుస్తుంది? పది ప్రయాణాలలో ఒకసారి వచ్చే లోపం ఒక ప్రయాణంలో రాకుండా ఉండే సంభావ్యత 0.9. ఐదు ప్రయాణాలు వరుసగా రాకుండా ఉండే సంభావ్యత 0.9⁵, అంటే 0.59. పంపు మార్చిన తరువాత కారు ఐదుసార్లు బాగా నడవడం, కాకతాళీయంగానే, రాకపోవడం కంటె ఎక్కువగా జరిగే సంగతి! పది ప్రయాణాలు బాగా నడిచినా 0.35 మిగులుతుంది. ఏ మరమ్మతూ చేయకపోయినా ఇంత అదృష్టం నూటికి ఐదు సార్ల కంటె తక్కువ కలుగుతుందని చెప్పవలెనంటే 29 ప్రయాణాలు వరుసగా ఆగకుండా జరగవలె. లాగరిథం పట్టిక దగ్గరపెట్టుకొని ఎవరైనా సరిచూడవచ్చు.

29 ప్రయాణాలు కాచుకొని కూర్చునే ఓపిక లేనివారికి దగ్గరి దారి ఒకటి ఉన్నది. తీసివేసిన పాత తీగెను పారవేయకూడదు. దానిని బల్ల మీద పెట్టి, ఒక బాటరీ, ఒక కారు బల్బు శ్రేణిలో కలిపి, వేళ్ళతో వంచి చూడవలె. ఒకవైపు వంచితే బల్బు వెలిగి, ఇంకొకవైపు వంచితే ఆరుతుంటే, తొడుగును బ్లేడుతో పొడుగునా చీల్చవచ్చు. లోపల రాగి పోగులు ఒకేచోట, కత్తిరించినట్లు, తెగి కనిపిస్తవి.